కోడు కనిపించగానే హైబ్రిడ్ బ్యాటరీ మార్చాలంటే ఎలా?

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారాలు.

నేను విద్యుత్ శాఖలో సబ్ ఇంజినీరుగా పనిచేసి, పదవీ విరమణ తర్వాత కర్నూలులో స్థిరపడినవాణ్ణి. 2014లో తయారైన ఒక హైబ్రిడ్ కారును, అంటే పెట్రోలు ఇంజనూ విద్యుత్ మోటారూ రెండూ ఉన్న కారును, 2019లో హైదరాబాదులోని బంధువుల దగ్గర కొన్నాను. నిరుడు ఏప్రిల్‌లో ఆ కారు హైవోల్టేజీ బ్యాటరీలో లోపం వచ్చింది. అది ఎక్కడుందో తేల్చుకోవడానికి నాకు దాదాపు నెల రోజులు పట్టింది. ఈ లేఖ ద్వారా నేను కోరేది ఒక్కటే: కారు కంప్యూటరును చదివే స్కానర్‌లో లోపాన్ని సూచించే కోడు కనిపించగానే లక్షల ఖరీదు చేసే బ్యాటరీని మార్చాలని చెప్పే ముందు, వర్క్‌షాపు వారు దానిని భాగాల వారీగా కొలిచి, ఆ కొలతలను కాగితం మీద యజమాని చేతికి ఇవ్వాలి.

ఆదోనిలో మా అమ్మాయి వాళ్ల ఇల్లు పత్తి నుంచి గింజలు వేరుచేసే జిన్నింగ్ మిల్లులకు దగ్గర. అక్కడి నుంచి మధ్యాహ్నం బయలుదేరి ఎమ్మిగనూరు మీదుగా వస్తుంటే, గోనెగండ్ల దాటాక వెనుక సీటు వైపు నుంచి ఫ్యాను గట్టిగా హోరెత్తడం మొదలైంది. కోడుమూరు చేరేలోపే ఎర్ర త్రికోణం వెలిగి, హైబ్రిడ్ వ్యవస్థను తనిఖీ చేయించమన్న సందేశం వచ్చింది. మర్నాడు నగరంలోని ఒక వర్క్‌షాపుకు తీసుకెళితే, స్కానర్ తగిలించి పది నిమిషాల్లో చెప్పేశారు: పీ0ఏ80 కోడు వచ్చింది, బ్యాటరీ పోయింది, మొత్తం మార్చాలి. వారు చెప్పిన ఖర్చు నేను కారు కొన్న ధరలో సగానికి దగ్గరగా ఉంది. కొలతలేవని అడిగితే, కోడు వచ్చాక కొలవాల్సింది ఏముందని అన్నారు. మరొకచోట అయిదు వందలు తీసుకుని కోడును చెరిపేశారు. మూడో రోజున దీపం మళ్లీ వెలిగింది. చెరిపినప్పుడు కోడుతో పాటు, లోపం వచ్చిన క్షణంలో బ్యాటరీ వేడి ఎంత, కరెంటు ఎంత అని కంప్యూటరు దాచుకున్న వివరాలు కూడా పోయాయని నాకు తర్వాత తెలిసింది. అందుకు నేనే ఒప్పుకున్నాను గనుక ఆ నష్టంలో నా బాధ్యత కూడా ఉంది.

నిజానికి ఆ కోడు అర్థమే 'హైబ్రిడ్ బ్యాటరీ ప్యాకును మార్చండి' అని. అందువల్ల మెకానిక్‌లు దానిని ఆఖరి మాటగా తీసుకుంటారు. అయితే ఆ మాటకు కంప్యూటరు ఎలా వస్తుందో చూడాలి. మా కారు బ్యాటరీలో 34 నికెల్ మెటల్ హైడ్రైడ్ మాడ్యూళ్లు వరుసగా కలిపి ఉంటాయి. ఒక్కో మాడ్యూలులో 1.2 వోల్టుల సెల్లులు ఆరేసి, అంటే 7.2 వోల్టులు, మొత్తం 244.8 వోల్టులు. కంప్యూటరు ప్రతి మాడ్యూలునూ విడిగా చూడదు; రెండేసి కలిపి ఒక బ్లాకుగా, మా కారులో 17 బ్లాకులుగా చూస్తుంది. ఏదైనా ఒక బ్లాకు వోల్టేజీ మిగతా వాటికంటే హద్దు మీరి తేడాగా కనిపిస్తే కోడు వేస్తుంది. ఆ తేడా సెల్లు చచ్చిపోవడం వల్ల రావచ్చు, మాడ్యూళ్లను కలిపే రాగి పట్టీకి చిలుము పట్టడం వల్ల రావచ్చు, వోల్టేజీని కంప్యూటరుకు చేరవేసే సన్నని తీగ మొన తుప్పు పట్టడం వల్ల కూడా రావచ్చు. వీటిలో ఏది కారణమో కోడు చెప్పదు. చివరి రెండూ అయితే ఖర్చు వేలల్లో తేలిపోతుంది.

మా పాత సహోద్యోగి ఒకరు చెప్పగా, అనంతపురంలో చిన్న షెడ్డు నడుపుతున్న ఒక యువకుడి దగ్గరికి రాత్రి చల్లబడ్డాక కారు తీసుకెళ్లాను. అతను పని చేసిన వరుస నాకు నచ్చింది కనుక కొంత వివరంగా రాస్తాను.

మొదట అతను డిక్కీలోని మామూలు 12 వోల్టుల బ్యాటరీని చూశాడు. "సార్, ముందు ఇది బలంగా ఉండాల. ఇది పడిపోతే మిగతా పెట్టెలన్నీ తప్పుడు మాటలే చెప్తాయి," అన్నాడు. ఇటువంటి హైబ్రిడ్ కారులో, ఇంజను తిప్పితే కరెంటు ఇచ్చే మామూలు ఆల్టర్నేటర్ ఉండదు. పెద్ద బ్యాటరీ నుంచే ఒక కన్వర్టరు ఈ చిన్న బ్యాటరీని చార్జి చేస్తుంది. చిన్నది బలహీనపడితే కంప్యూటర్లకు సరఫరా తగ్గి, ఒకదానితో ఒకటి సంబంధం లేని కోడులు గుత్తులుగా వస్తాయట. మా కారుకు అది బాగానే ఉంది. తర్వాత కోడులన్నిటినీ, వాటి వెంట వచ్చే మూడంకెల ఉపసంఖ్యలతో సహా నోటుబుక్కులో రాసుకుని, ఆ తర్వాతే మిగతా పనికి దిగాడు.

పిదప ఫ్యాను. వెనుక సీటు ఊడదీసి, గాలి పీల్చే గొట్టం విప్పి, ఫ్యాను చక్రాన్ని నా చేతిలో పెట్టాడు. దాని రెక్కల మధ్య సందులన్నీ మూసుకుపోయి, తెల్లటి దూది నూగు మీద ఎర్రమట్టి దుమ్ము పేరుకుని, పాత పరుపు చింపితే కనిపించే అట్టలాగా ఉంది. గోటితో గీకితే పొరలు పొరలుగా ఊడి వచ్చింది. ఆదోనిలో అయిదేళ్ల పాటు మేము ఆగిన ప్రతిసారీ కారులోకి చేరిన నూగు అది. ఈ బ్యాటరీ కారు లోపలి గాలితోనే చల్లబడుతుంది. ఆ దారి మూసుకుంటే మాడ్యూళ్లు వేడెక్కుతాయి, అందులోనూ వరుస మధ్యలో ఉన్నవి ఎక్కువగా వేడెక్కి ముందుగా దెబ్బతింటాయి. కడప, బేతంచెర్ల వైపు నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్ల దగ్గర కార్లు నిలిపేవారికి ఇదే పని రాతి పొడి చేస్తుంది. ఏడాదికోసారి ఈ ఫ్యానును శుభ్రం చేయిస్తే చాలునన్న సంగతి అయిదేళ్లలో నాకు ఒక్కరూ చెప్పలేదు. ఆ గాలి జాలీ మీద శాలువలు, సంచులు పెట్టకూడదనీ, వేసవిలో ఏసీ ఆపి కారు నడిపితే వేడి గాలే బ్యాటరీకి పోతుందనీ కూడా అతను చెప్పేదాకా నాకు తెలియదు.

మర్నాడు ఉదయం అతను నన్ను పక్కన కూర్చోబెట్టుకుని కారు నడుపుతూ, స్కానర్‌లో 17 బ్లాకుల వోల్టేజీలు చూపించాడు. నిలకడగా ఉన్నప్పుడు అన్నీ దాదాపు సమానంగానే ఉన్నాయి. గట్టిగా యాక్సిలరేటర్ తొక్కగానే పదో బ్లాకు మిగతా వాటికంటే దాదాపు రెండు వోల్టులు కిందికి జారింది. బ్రేకు వేసి చార్జింగ్ మొదలవగానే అన్నిటికంటే ముందు అదే పైకి ఎగిరింది. దిగేటప్పుడు ముందు దిగి, ఎక్కేటప్పుడు ముందు ఎక్కే బ్లాకులో అంతర్గత నిరోధం, అంటే లోపల కరెంటును అడ్డుకునే గుణం, పెరిగినట్లు లెక్క. లోడు లేకుండా కొలిచిన వోల్టేజీ మీద నమ్మకం పెట్టుకోరాదని మేము ట్రాన్స్‌ఫార్మర్ల దగ్గర నేర్చుకున్న పాఠమే ఇక్కడా వర్తించింది.

బ్యాటరీ దింపాక రాగి పట్టీల మీద పచ్చటి చిలుము కనిపించింది. వాటిని శుభ్రం చేసి మళ్లీ కొలిచినా పదో బ్లాకు తేడా పూర్తిగా పోలేదు. అప్పుడు మాడ్యూళ్లను విడదీసి, ఒక్కొక్కదానికి హెడ్‌లైట్ బల్బు కట్టి రెండు నిమిషాలు వెలిగించి చూస్తే, ఆ జంటలో ఒకటి 6.5 వోల్టుల దగ్గర ఆగింది. అంటే అందులో ఒక సెల్లు పోయింది. ఆ జంటను తీసేసి, సామర్థ్యం సరిపోయే పాత మాడ్యూళ్లు రెండు వేశాడు. మాడ్యూళ్లన్నిటినీ బిగించి ఉంచే చట్రంలోనే నెమ్మదిగా చార్జి చేసి, ఆ చార్జిని ఖాళీ చేసి, మళ్లీ చార్జి చేశాడు. చట్రం లేకుండా విడిగా చార్జి చేస్తే అవి ఉబ్బుతాయి. ఈ పనికి నాలుగు రోజులు పట్టింది. ఖర్చు మొదటి వర్క్‌షాపు వారు చెప్పినదానిలో పదో వంతుకు మించలేదు.

ఇది శాశ్వతమైన మరమ్మతు అని నేను చెప్పడం లేదు. మిగతా 32 మాడ్యూళ్లకూ పదేళ్ల వయసు ఉంది. ఒకటి మార్చిన కొన్నాళ్లకే మరొకటి పడిపోవచ్చని ఆ యువకుడు కూడా ముందే హెచ్చరించాడు. అనేక బ్లాకులు ఒకేసారి బలహీనంగా కనిపిస్తే మొత్తం ప్యాకు మార్చడమే సరైనది. అయితే ఆ సంగతి కొలిస్తేనే తెలుస్తుంది. ఈ వేసవి కూడా దాటింది. దీపం మళ్లీ వెలగలేదు.

మన ప్రాంతంలో ఎక్కువగా ఎదురయ్యే మరో లోపం గురించి కూడా చెప్పాలి. పీ0ఏఏ6 అన్న కోడు వస్తే, హైవోల్టేజీ తీగల నుంచి కారు బాడీకి ఎక్కడో కరెంటు లీకవుతోందని అర్థం. మాడ్యూలు నుంచి క్షార ద్రవం కారినా ఇది వస్తుంది. దానితో పాటు ఏసీని కూడా అనుమానించాలి. హైబ్రిడ్ కార్లలో ఏసీ కంప్రెసరు ఈ హైవోల్టేజీతోనే తిరుగుతుంది, దాని మోటారు చుట్టలు నూనెలోనే తడుస్తుంటాయి. కాబట్టి అందులో కరెంటును అడ్డుకునే ఈస్టర్ రకం నూనె మాత్రమే వాడాలి. మండుటెండల్లో రోడ్డు పక్కన గ్యాసు నింపించేటప్పుడు మామూలు కార్లకు వాడే పాగ్ నూనె పోస్తే ఇన్సులేషన్ దెబ్బతిని ఈ కోడు వస్తుంది. ఏసీ వేసినప్పుడే కోడు వస్తుంటే, కంప్రెసరు కేబుల్ విడదీసి, ఇన్సులేషన్ బలాన్ని కొలిచే మెగ్గర్‌తో చూడమని అడగాలి. ఈ ఒక్క పరీక్ష చేయకుండా బ్యాటరీని తప్పుపట్టడం అన్యాయం.

ఇంతవరకు చదివి ఎవరైనా స్పానరు పట్టుకుని సొంతంగా బ్యాటరీ విప్పబోతే అది నా లేఖ వల్ల జరిగిన కీడు అవుతుంది. లైనులో కరెంటు ఆపేశామన్న అనుమతి (లైన్ క్లియర్) తీసుకోకుండా, లైనును ఎర్త్ చేయకుండా స్తంభం ఎక్కినవారికి ఏమవుతుందో నా సర్వీసులో కళ్లారా చూశాను. మన ఇళ్లకు వచ్చే, దిశ మారుతుండే కరెంటు (ఆల్టర్నేటింగ్ కరెంటు) సెకనుకు వందసార్లు సున్నాకు దిగుతుంది. బ్యాటరీ ఇచ్చే, ఒకే దిశలో పారే డీసీ కరెంటు దిగదు, కనుక దాని మెరుపు మంట (ఆర్క్) తనంతట తాను సులభంగా ఆరదు. అరవై వోల్టులు దాటిన డీసీని ప్రమాదకరంగానే పరిగణిస్తారు; ఈ బ్యాటరీ దానికి నాలుగు రెట్లు. ఆ యువకుడు కారు ఆపి, తాళాన్ని దూరంగా పెట్టించి, చిన్న బ్యాటరీ నెగటివ్ తీసి, గడియారం, ఉంగరం తీసేసి, వెయ్యి వోల్టుల రబ్బరు గ్లవ్స్‌లో గాలి పట్టి చిల్లులు లేవని చూసుకున్నాకే నారింజ రంగు సర్వీస్ ప్లగ్ లాగాడు. ఇంకెవరూ తిరిగి పెట్టకుండా ప్లగ్గును తన జేబులోనే వేసుకున్నాడు. మోటారుకు కరెంటు అందించే ఇన్వర్టరులో, విద్యుత్తును నిలవ ఉంచే కెపాసిటర్లు ఖాళీ కావడానికి పది నిమిషాలు ఆగి, మీటరు సున్నా చూపించాకే చేయి పెట్టాడు. ప్లగ్ తీసినా మాడ్యూళ్ల వరుస తెగుతుందే తప్ప మాడ్యూళ్లలోని విద్యుత్తు ఎక్కడికీ పోదన్న సంగతిని మాత్రం చాలామంది మరిచిపోతున్నారు.

2022లో గ్రాండ్ విటారా, హైరైడర్, హోండా సిటీ, ఇన్నోవా హైక్రాస్ హైబ్రిడ్‌లు మార్కెట్లోకి వచ్చాక మన జిల్లాల రోడ్ల మీద కూడా ఇటువంటి కార్లు తరచుగా కనిపిస్తున్నాయి. వాటిలో కొన్ని లిథియం అయాన్, కొన్ని నికెల్ బ్యాటరీలతో నడుస్తాయి. 12 వోల్టుల చిన్న మోటారుతో వచ్చిన పాత మైల్డ్ హైబ్రిడ్‌లకు ఈ లేఖలోని విషయాలు వర్తించవు. కొన్నేళ్లలో ఈ కొత్త కార్లకూ వారంటీ ముగిసి, వాటి యజమానులు నేను నిలబడిన చోటే నిలబడతారు. అప్పటికి కర్నూలు, అనంతపురం, కడపల్లో ఈ పని తెలిసినవారు ఎంతమంది ఉంటారన్నదే నా ఆందోళన. ప్రభుత్వ ఐటీఐలు, పాలిటెక్నిక్‌లు తమ విద్యార్థులకే కాక, ఇప్పటికే షెడ్లు నడుపుతున్న మెకానిక్‌లకు కూడా సాయంత్రం వేళల్లో కొద్ది వారాల శిక్షణ పెట్టాలని, అందులో మొదటి పాఠం గ్లవ్స్, సర్వీస్ ప్లగ్‌ల గురించే ఉండాలని అధికారులను కోరుతున్నాను. రవాణా శాఖ వారు, హైబ్రిడ్ బ్యాటరీ మార్చాలని చెప్పే ప్రతి వర్క్‌షాపూ కోడులనూ బ్లాకుల వోల్టేజీలనూ రాతపూర్వకంగా ఇచ్చేలా చూడాలి. 2022 బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నిబంధనల ప్రకారం పాత బ్యాటరీలు రీసైక్లింగ్ కేంద్రాలకు చేరాలే తప్ప, హంద్రీ ఒడ్డున చెత్తలో కలవరాదు.

మా కారులోంచి తీసిన రెండు మాడ్యూళ్లూ, చిలుము పట్టిన ఒక రాగి పట్టీ, ఫ్యానులోంచి ఊడదీసిన దూది అట్ట ఇంకా నా దగ్గర ఉన్నాయి. ఈ మూడు జిల్లాల్లో ఏ ఐటీఐ అధ్యాపకులైనా పిల్లలకు చూపించాలనుకుంటే మీ పత్రిక ద్వారా తెలియజేస్తే, స్వయంగా తెచ్చి చూపిస్తాను. ఆ పని అయ్యాక మాడ్యూళ్లను అనుమతి ఉన్న రీసైక్లింగ్ కేంద్రానికి అప్పగిస్తాను.

ఇట్లు,
భవదీయుడు,
విద్యుత్ శాఖ విశ్రాంత సబ్ ఇంజినీరు,
కర్నూలు.