పార్కు బోర్డుల మీద వాళ్ల ఊసు ఉండాలి

సంపాదకుడికి నమస్కారం.

అమెరికాలో మనవాళ్లు వేసవి సెలవుల్లో చుట్టివచ్చే పార్కుల గురించి మన పత్రికల్లో తరచూ వ్యాసాలు వస్తుంటాయి. ఆ కొండదారులు, రాతి వంతెనలు చాలాచోట్ల 1933-42 మధ్య సివిలియన్ కన్జర్వేషన్ కోర్ కుర్రాళ్లు వేసినవే. ఆర్థికమాంద్యంలో పని దొరకని యువకులను రూజ్‌వెల్ట్ ప్రభుత్వం ఈ పథకం కింద అడవి పనుల్లో పెట్టింది. జీతం నెలకు 30 డాలర్లు, అందులో 25 నేరుగా ఇంటికి వెళ్లేవి. సుమారు 30 లక్షల మంది చేరితే వాళ్లలో రెండు లక్షలకు పైగా నల్లజాతివారే. వాళ్ల గురించి మాత్రం మన వ్యాసాల్లో నాకు ఒక్క ముక్కా కనిపించలేదు.

వివక్ష చూపకూడదని ఈ పథకం చట్టంలోనే ఉంది. ఆ మాట చేర్పించింది అప్పటి అమెరికా చట్టసభ కాంగ్రెస్‌లోని ఏకైక నల్లజాతి సభ్యుడు ఆస్కర్ డి ప్రీస్ట్. అయినా జార్జియాలో మొదట వాళ్లను తీసుకోనేలేదు, పత్తి చేలల్లో పనికి కావాలన్నారు. ఈ పథకంలో రాష్ట్రానికిచ్చే కోటానే ఆపేస్తామని కేంద్ర కార్మిక శాఖ హెచ్చరించాక గానీ కదల్లేదు. 1935లో ఆ పథకం డైరెక్టర్ రాబర్ట్ ఫెక్నర్ శిబిరాలను పూర్తిగా వేరు చేయించాడు. వేరుగా ఉంచడం వివక్ష కాదన్నాడు! వెలివాడలున్న ఊళ్లలో పెరిగినవాళ్లకు ఆ వాదన ఎంత దగాకోరుదో వేరే చెప్పక్కర్లేదు.

న్యూజెర్సీలోని క్యాంప్ డిక్స్‌లో అడుగుపెట్టిన రోజు గురించి ఒక నల్లజాతి యువకుడు 1935లో రాశాడు. బస్సు దిగగానే నల్లవాళ్లను వెనక్కి వెళ్లమన్నారట. తెల్ల కుర్రాళ్ల పేర్లు రాసుకుని గుడారాలకు పంపేదాకా వీళ్లు లైన్లో నిలబడే ఉన్నారు.

అలాంటి కుర్రాళ్లే గెటిస్‌బర్గ్ యుద్ధభూమిని బాగుచేశారు. బానిసత్వం అంతమైన అమెరికా అంతర్యుద్ధం మలుపు తిరిగిన చోటు అది. మెంఫిస్ దగ్గర టి.ఓ. ఫుల్లర్ పార్కులో 1940లో ఈతకొలను తవ్వుతుంటే వాళ్ల పారల కింద చుకలిస్సా అనే పురాతన ఆదివాసీ గ్రామం బయటపడింది.

2025లో జాతీయ పార్కులను చూసుకునే అమెరికా ఇంటీరియర్ శాఖ ఆ పార్కుల్లో కొత్త బోర్డులు పెట్టించింది. అమెరికన్లను తక్కువ చేసే రాతలు కనిపిస్తే చెప్పమని సందర్శకులను అడిగింది. ఆ వంకతో ఈ కాస్త చరిత్ర కూడా చెరిపేస్తారేమోనని నా భయం. అక్కడున్న మనవాళ్లు పార్కులకు వెళ్లినప్పుడు, ఆ నల్లజాతి కుర్రాళ్ల దళాల గురించి ఉన్న రాతలు తీయొద్దని, లేనిచోట పెట్టమని ఆ అభిప్రాయాల్లోనే రాయాలి. మీరూ ఇకమీదట పార్కుల వ్యాసాలు వేసేటప్పుడు, ఆ దారులు ఎవరు వేశారో కూడా రాయించండి.

ఇట్లు,
ఒక పాఠకుడు, హనుమకొండ