కంప్యూటర్ ల్యాబ్‌లోని రంగు చుక్కల గురించి

తల్లిదండ్రులకు నమస్కారం.

వారం రోజులుగా పేరెంట్స్ వాట్సాప్ గ్రూపులో ఒక చిన్న వీడియో తిరుగుతోంది. సాయంత్రం ఆరైనా ల్యాబ్‌లో లైట్లు, తెర నిండా ఉరుకుతున్న ఎర్ర, పచ్చ చుక్కలు. "బడిలో వీడియో గేములు ఆడిస్తున్నారా?" అని కొందరు ఫోన్ చేశారు. అడిగినందుకు సంతోషం. గ్రూపులో రాయకముందే అడిగితే ఇంకా సంతోషించేవాళ్లం.

ఆ చుక్కలను ఎవరూ ఆడించడం లేదు. అవి తొమ్మిదో తరగతి పిల్లలు పైథాన్ అనే కంప్యూటర్ భాషలో రాసిన కృత్రిమ జీవులు. నిలువున 100, అడ్డంగా 100 గడుల మైదానంలో 200 జీవులు. ఒక్కోదాని జన్యువు మూడు అంకెలు: వేగం, చూపు దూరం, ఒంటి పరిమాణం. మేత దొరికితే శక్తి పెరుగుతుంది, కదిలితే తరుగుతుంది, సున్నాకొస్తే చస్తుంది. శక్తి 200 దాటితే బిడ్డను కంటుంది. బిడ్డకు తల్లి అంకెలే వస్తాయి, నూటికి ఐదుసార్లు మాత్రం ఏదో ఒక అంకె కాస్త మారుతుంది. దూరం చూడమని ఏ జీవికీ ఎవరూ చెప్పలేదు. మేత పలచబడితే దూరం చూసేవే బతికి పిల్లల్ని కంటాయి. 1859లో డార్విన్ వివరించిన ప్రకృతి వరణం ఇదే. పరీక్ష కోసం బట్టీ పట్టి మరుసటి రోజే మరిచిపోయే ఈ పాఠాన్ని మన పిల్లలు తమ చేతులతో కట్టి చూస్తున్నారు. సైన్సు అంటే ఇది! దీనికి రోజూ ఒక గంట అదనంగా ఇవ్వడానికి నేనెప్పుడూ వెనకాడను.

అంకెలు కుదరడమే అసలు కష్టం. వేగానికి ఖర్చు లేకపోతే అన్నీ అంతులేని వేగానికి పోతాయి, అందుకే వేగం రెట్టింపైతే ఖర్చు నాలుగింతలు పెట్టారు. మార్పును నూటికి యాభై చేస్తే తల్లి గుణం బిడ్డలో నిలవదు. మేత మరీ ఎక్కువ వేస్తే బలహీనమైనవీ బతికేస్తాయి, ఏ గుణానికీ పైచేయి రాదు. 1994లో కార్ల్ సిమ్స్ అనే కంప్యూటర్ గ్రాఫిక్స్ పరిశోధకుడు ఇలాంటి జీవులకే నడక నేర్పబోయి వేగానికి మార్కులిస్తే, పొడుగ్గా పెరిగి దబ్బున పడిపోవడంతోనే వేగం చూపించే దారి వాటికి దొరికింది. ముందు నేలమీద కుదురుకున్నాకే ఆయన లెక్క మొదలుపెట్టాల్సి వచ్చింది.

మన దగ్గరా ఓ రోజు జీవులు వేలల్లో పుట్టి కంప్యూటర్ బిగుసుకుపోయింది. దేవరకొండ బస్సులో వచ్చే అమ్మాయి ప్రతి అడుగుకూ మొత్తం శక్తిని తెరమీద అచ్చు వేయించింది. తిన్న మేతకు మించి పెరుగుతోంది! బిడ్డకు ఇచ్చిన శక్తిని తల్లి నుంచి తీసేయడం మరిచారు. తప్పు ఒక్క వరుసలో ఉంది, ఆ వరుస ఆమే పట్టింది. కరెంటు పోయి రాత్రంతా నడిచిన లెక్క కొట్టుకుపోయినప్పుడు, ప్రతి 50 తరాలకోసారి ఫైలులో దాచేలా రాసింది ఎనిమిదో తరగతి పిల్లాడు. ఆ తల్లిదండ్రులకు నా ప్రత్యేక అభినందనలు.

ఒక్క మనవి. రాత్రి పదకొండు దాకా ఫోన్లో రీల్స్ చూసి, పొద్దున ఏమీ తినకుండా వచ్చిన పిల్లలు రెండో పీరియడ్‌కే బల్లమీద తల వాలుస్తున్నారు. ల్యాబ్ తెర గురించి ఇంత శ్రద్ధ చూపిన మీరు ఇంట్లోని తెరనూ తొమ్మిదింటికల్లా పక్కన పెట్టిస్తారని నమ్ముతున్నాను.

రెండో టర్మ్ ఫీజు ఈ నెలాఖరులోగా కట్టగలరు. బతుకమ్మ సెలవుల వివరాలు డైరీలో అతికించాం.

శనివారం ఉదయం పదింటికి ల్యాబ్ మీ అందరికీ తెరిచి ఉంటుంది. మేత సగానికి తగ్గిస్తే ఏమవుతుందో పిల్లలే మీ ముందు నడిపి చూపిస్తారు.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు, నల్లగొండ