పక్క చక్రాలు అరిగితే ఎవర్ని అడగాలి?

ఎడిటర్ గారికి నమస్కారం,

వికలాంగులకి స్కూటర్లు పంచిన ఫోటో పేపర్లో అప్పుడప్పుడూ చూస్తుంటాం కదండీ, మంత్రిగారు తాళంచెవి ఇస్తుంటారు, వెనకాల దండలేసిన బళ్ళు వరసగా. తప్పుబట్టట్లేదు, అలాంటి బండి వల్లే నేను ఇవాళ రామ్మూర్తినగర్ నుంచి ఆఫీసుకి ఎవర్నీ అడక్కుండా పోతున్నా. అంతకుముందు నా కర్రలు చూడగానే ఆటోవాళ్ళు మీటర్ మీద ఇంకో యాభై అనేవాళ్ళు.

నా బాధల్లా ఆ ఫోటో తర్వాత సంగతి. స్కూటర్ కంపెనీది, బండి ఒరిగిపోకుండా వెనక చక్రానికి రెండు వైపులా ఉండే పక్క చక్రాలు మాత్రం వేరేవాళ్ళు బిగించారు. రెండేళ్ళకే ఎడమ చక్రం బేరింగ్ పోయి ఒకటే గరగర, షోరూంకి తీసుకెళ్తే ఇది మా పార్ట్ కాదు సార్ ముట్టుకోం అన్నారు, వారంటీ కార్డులో చూస్తే నిజంగానే ఆ చక్రాల మాటే లేదు. బిగించినవాళ్ళ నంబరేమో స్విచ్ఛాఫ్. చివరికి హొరమావు దగ్గర వెల్డింగ్ షాపాయన, మన మదనపల్లె వైపే, పాత సామాన్లన్నీ వెతికి సైజు కుదిరిన బేరింగ్ వేసిచ్చాడు, డబ్బులు కూడా సగమే తీసుకున్నాడు. ఆయన లేకపోతే ఉద్యోగమే పోయేది.

ఇంక వానాకాలం సంగతి చెప్పాలి. గుంటలో దిగితే పక్క చక్రాలు రెండూ గట్టు మీద ఆగిపోతాయి, ఇంజిన్ నడిపే వెనక చక్రం మధ్యలో గాల్లో తిరుగుతుంటది, ఎక్సలేటర్ ఎంత తిప్పినా బండి కదలదు. కాలు కింద పెట్టి తోసుకోగలిగితే ఈ బండెందుకు నాకు! పోయేవాళ్ళని కన్నడలో ‘స్వల్ప తళ్ళి సార్’, కొంచెం తోయండి సార్ అని బతిమాలుకోవడమే.

2016 వికలాంగుల హక్కుల చట్టంలో వైకల్యాల లిస్టు 7 నుంచి 21కి పెంచారు, 2019లో మోటార్ వాహనాల చట్టంలో మా బళ్ళకి వాడే పాత ‘ఇన్‌వ్యాలిడ్ క్యారేజ్’ (అశక్తుల బండి) అనే మాట తీసేసి ‘అడాప్టెడ్ వెహికల్’ (అవసరానికి తగ్గట్టు మార్చిన బండి) అన్నారు. పేరు మర్యాదగానే ఉంది, నాకూ నచ్చింది. బేరింగ్ మాత్రం దొరకదు.

టెండర్ ఇచ్చేటప్పుడే ఐదేళ్ళ సర్వీసు కూడా అందులోనే రాయించుకోవచ్చు కదా, ఏరియాకో మెకానిక్‌కి ఆ చక్రాల పని నేర్పించి స్పేర్లు పెట్టించినా చాలు, పెద్ద ఖర్చేం కాదు. ఈసారి బళ్ళు పంచే ఫోటో మీ పేపర్లో వేసేటప్పుడు, పోయినసారి ఇచ్చినవాటిలో ఎన్ని ఇంకా రోడ్డు మీద తిరుగుతున్నాయో మీ రిపోర్టర్‌ని ఒక్క మాట అడిగి రమ్మనండి.

ఇట్లు,
ఒక పాఠకుడు, రామ్మూర్తినగర్, బెంగళూరు