పైన కుర్చీ మారితే కింద టెక్నీషియన్ గంటలు తగ్గుతాయి

సంపాదకుల వారికి,

అమెరికాలోని పెద్ద ఫార్మసీ కంపెనీలకు కొత్త సీఈఓ వచ్చిన ప్రతిసారీ షేరు ఎంత కదిలింది, ఎన్ని దుకాణాలు మూస్తారు, అప్పుల సంగతేమిటి అని వార్తలు వస్తాయి. ఆ మార్పు కౌంటర్ వెనక నిలబడి మందులిచ్చే ఫార్మసిస్టుని ఎలా తాకుతుందో ఎవరూ రాయరు. ఆ పనిలో తెలుగువాళ్లూ ఉన్నారు. ఆ కౌంటర్ దగ్గర మందులు తీసుకునే తెలుగు కుటుంబాలూ ఉన్నాయి. కాబట్టి ఈ విషయం మీ పాఠకులకు దూరం కాదు.

వాల్‌గ్రీన్స్ సంగతే చూడండి. 2021 మార్చిలో రోజలిండ్ బ్రూవర్ పగ్గాలు చేపట్టారు. 2023 ఆగస్టు ఆఖరున ఆమె వెళ్లిపోయాక జింజర్ గ్రాహమ్ తాత్కాలికంగా చూశారు. ఆ అక్టోబరులో టిమ్ వెంట్‌వర్త్ వచ్చారు. 2025 ఆగస్టులో సైకమోర్ పార్ట్‌నర్స్ అనే ప్రైవేట్ ఈక్విటీ సంస్థ కంపెనీని కొన్నాక మైక్ మోట్జ్ వచ్చారు. నాలుగున్నరేళ్లలో నలుగురు! సీవీఎస్‌లో 2024 అక్టోబరులో కరెన్ లించ్ స్థానంలోకి డేవిడ్ జాయ్నర్ వచ్చారు. రైట్ ఎయిడ్ అయితే 2023లో ఒకసారి, 2025లో మరోసారి దివాలా పిటిషన్ వేసి, చివరికి ఉన్న దుకాణాలన్నీ మూసేసింది.

కొత్తగా వచ్చినవారు త్వరగా ఫలితం చూపించాలి. మందుల కొనుగోలు ధర హోల్‌సేలర్లతో ముందే కుదిరిన ఒప్పందం. బీమా నుంచి ఎంత వస్తుందో పీబీఎంలు (బీమా కంపెనీల తరఫున మందుల చెల్లింపులు చూసే మధ్యవర్తి సంస్థలు) తేలుస్తాయి. దుకాణాల అద్దె ఏళ్ల తరబడి లీజులో ఉంటుంది. మూడు నెలల్లో చెయ్యి పెట్టి తగ్గించగలిగేది జీతాల ఖర్చొక్కటే. ఫార్మసిస్టు లేకుండా ఫార్మసీ తెరిచి ఉంచడానికి సాధారణంగా చట్టం ఒప్పుకోదు. అందుకని కోత ఫార్మసిస్టుకి సాయంగా పనిచేసే టెక్నీషియన్ గంటల మీద పడుతుంది. ఎవరినీ ఉద్యోగంలోంచి తీసేయనక్కర్లేదు. వారానికి 35 గంటలు చేసే మనిషికి 26 వేస్తే చాలు, కొన్ని వారాల్లో వాళ్లే వేరే పని వెతుక్కుంటారు. వాళ్ల స్థానంలో వచ్చిన కొత్తవారికి బీమా తిరస్కరణ కోడ్‌లు (మందుకి బీమా ఎందుకు డబ్బు ఇవ్వనందో చెప్పే సంకేతాలు) అర్థం కావడానికే నెలలు పడుతుంది.

ఈ గంటల లెక్కలోనే తిరకాసు ఉంది. వచ్చే వారం ఎన్ని ప్రిస్క్రిప్షన్లు రావచ్చో అంచనా కట్టి, దాన్ని బట్టి పైనుంచి గంటలు కేటాయిస్తారు. 'ముందస్తు అనుమతి కావాలి' అని బీమా తిప్పికొట్టిన మందు కోసం డాక్టరు ఆఫీసుకి మూడుసార్లు ఫోన్ చేసినా, అమ్మకం జరగకపోతే ఆ శ్రమ లెక్కలోకి రాదు. రీఫిల్స్‌ని, అంటే పాత ప్రిస్క్రిప్షన్ మీద మళ్లీ తీసుకునే మందుల్ని, రోబోలున్న కేంద్రం నుంచి నింపి పంపే ఏర్పాటు మంచిదే. కానీ అది వచ్చిన మరుక్షణం దుకాణంలో సిబ్బంది గంటలు తగ్గిస్తారు. కేంద్రానికి వెళ్లేవి తేలిక ప్రిస్క్రిప్షన్లు. వెంటనే ఇవ్వాల్సిన యాంటీబయాటిక్స్, బీమా చిక్కులు, స్టాకు సగమే ఉన్న మందులు దుకాణంలోనే మిగులుతాయి. మిగిలిన ప్రతిదానికీ మునుపటికంటే ఎక్కువ సమయం కావాలి. ఫార్ములాకి ఆ తేడా తెలియదు.

సమయం ఎంత మిగులుతుందో లెక్క వేసి చూడండి. పన్నెండు గంటల షిఫ్టు, ఒక్కరే ఫార్మసిస్టు, 300 ప్రిస్క్రిప్షన్లు. 720 నిమిషాలని పంచితే ఒక్కోదానికి 144 సెకన్లు. టీకాల సీజన్లో రోజుకి 40 మంది వస్తే, ఒక్కొక్కరికి 5 నిమిషాల చొప్పున 200 నిమిషాలు అక్కడే పోతాయి. టీకా వేయగలిగే టెక్నీషియన్ షిఫ్టులో లేకపోతే అదీ ఫార్మసిస్టే వేయాలి. ఇక మిగిలేది 104 సెకన్లు. ఫోన్లు, కారులోంచే మందులు తీసుకునే డ్రైవ్-త్రూ, రోగికి మందు వాడకం చెప్పడం ఇంకా కలపనేలేదు.

ఆ 104 సెకన్లలో ఏం తప్పిపోతుందో ఒక ఉదాహరణ. హైడ్రాలజీన్ రక్తపోటు మందు. హైడ్రాక్సిజీన్ దురదకి, ఆందోళనకి ఇస్తారు. రెండూ 10, 25, 50 మిల్లీగ్రాముల్లో దొరుకుతాయి. ప్రిస్క్రిప్షన్‌ని కంప్యూటర్లో ఎంట్రీ చేసేవారు ఇంగ్లిషులో మొదటి మూడక్షరాలు కొడితే రెండు పేర్లూ ఒకే జాబితాలో కనిపించవచ్చు. చూపు కాస్త తప్పితే చాలు. సీసా మీది బార్‌కోడ్ స్కాన్ చేస్తే ఆ తప్పు పట్టుకుంటుంది కదా అనుకుంటారు. పట్టుకోదు. ఎంట్రీలో ఉన్న పేరూ సీసా మీద ఉన్న పేరూ ఒకటేనా అన్నదే అది చూస్తుంది. డాక్టరు ఏం రాశారో దానికి తెలియదు. ఎంట్రీలోనే తప్పు పడితే స్కాను దాన్ని సరైనదిగానే పంపేస్తుంది. తప్పు దొరికే చోట్లు ఇంక రెండే: ఫార్మసిస్టు అసలు ప్రిస్క్రిప్షన్‌ని ఎంట్రీతో పోల్చి చూసేటప్పుడు, మందు చేతికిస్తూ 'డాక్టరుగారు దేనికి రాశారండీ?' అని అడిగేటప్పుడు. తెర మీద ఆలస్యమైన ఆర్డర్లు పేరుకుపోయినప్పుడు మొదట కుదించుకుపోయేవి సరిగ్గా ఈ రెండు పనులే.

దుకాణాల మూసివేతతో భారం ఇంకా పెరుగుతుంది. మూడేళ్లలో దాదాపు 1,200 దుకాణాలు మూస్తామని 2024 అక్టోబరులో వాల్‌గ్రీన్స్ ప్రకటించింది. ఒక దుకాణం మూస్తే దాని రోగుల ఫైళ్లన్నీ పక్క దుకాణానికి ఒక్కసారిగా వచ్చి పడతాయి. కొత్తగా వచ్చిన రోగుల అలర్జీలు, వాళ్లు వాడే ఇతర మందులు సరిచూసుకోవాలి. గంటల అంచనా పాత లెక్కల మీద నడిస్తే, ఈ రద్దీకి తగ్గట్టు పెరిగేసరికి వారాలు గడిచిపోతాయి.

నాయకత్వం మంచి చేసిన సందర్భాలూ ఉన్నాయి, అది చెప్పకపోతే అన్యాయం. 2022 తొలినాళ్లలో సీవీఎస్ చాలా ఫార్మసీలను మధ్యాహ్నం అరగంట మూసి ఫార్మసిస్టుకి భోజన విరామం ఇవ్వడం మొదలుపెట్టింది. అదే ఏడాది అక్టోబరులో వాల్‌గ్రీన్స్, ఫార్మసీ సిబ్బంది పనితీరును పనుల టార్గెట్లతో కొలవడం ఆపేస్తామంది. అయినా 2023 సెప్టెంబరులో కాన్సస్ సిటీలో సీవీఎస్ ఫార్మసిస్టులు, అక్టోబరులో పలుచోట్ల వాల్‌గ్రీన్స్ సిబ్బంది పనిలోకి రాకుండా నిరసన తెలిపారు. వారి ప్రధాన ఫిర్యాదు సిబ్బంది కొరతే. టార్గెట్ తీసేసి మనుషుల్ని ఇవ్వకపోతే ఒత్తిడి ఎక్కడికీ పోదు. పైగా ఒక సీఈఓ సర్క్యులర్‌తో ఇచ్చింది తర్వాతి సీఈఓ సర్క్యులర్‌తో పోవచ్చు.

అందుకే ఇది చట్టంలో ఉండాలని మా గట్టి అభిప్రాయం. కాలిఫోర్నియా ఆ దారి పట్టింది. చైన్ ఫార్మసీల్లో సిబ్బందికి 'ఇంత పని చేయాలి' అని పెట్టే కోటాలను నిషేధిస్తూ 2021లో చట్టం చేసింది. 2023లో చేసిన మరో చట్టంలో సిబ్బంది సంఖ్యపై నిర్ణయాధికారాన్ని ఇన్‌ఛార్జ్ ఫార్మసిస్టుకి ఇచ్చింది, మందుల పొరపాట్లను నివేదించడం తప్పనిసరి చేసింది. కుర్చీలో ఎవరు కూర్చున్నా ఈ నియమాలు మారవు.

ఇకమీదట ఇలాంటి కంపెనీకి కొత్త నాయకుడొచ్చిన వార్త వేసేటప్పుడు, ప్రతి 100 ప్రిస్క్రిప్షన్లకి ఎన్ని టెక్నీషియన్ గంటలు ఇస్తున్నారో, కిందటేడు ఎన్ని ఇచ్చారో కంపెనీని అడిగి అదీ ప్రచురించండి. జవాబు ఇవ్వకపోతే ఇవ్వలేదనే రాయండి.

ఇట్లు,
రిటైల్ ఫార్మసీల్లో పనిచేస్తున్న కొందరు ఫార్మసిస్టులు