కొత్త కొరియర్ చేర్చడానికి రెండు మూడు రోజులు ఎందుకంటే

మా ఆర్డర్ల సాఫ్ట్‌వేర్ వాడుతున్న బేగంబజార్, కోఠి, జనరల్ బజార్ షాపుల వారందరికీ నమస్కారం.

"కొరియర్ పేరు సెట్టింగ్స్‌లో మేమే టైప్ చేసుకునేలా పెట్టండి, ప్రతిసారీ మీకు ఫోన్ చేయడం ఎందుకు?" అని ఈమధ్య చాలామంది అడుగుతున్నారు. దసరా ఆర్డర్ల ముందు ఆ టెన్షన్ నాకు అర్థమవుతుంది. అందుకే ఉన్నదున్నట్టు చెబుతున్నాను.

మా సర్వర్ పీహెచ్‌పీ అనే ప్రోగ్రామింగ్ భాషలో నడుస్తుంది. ఒక్కో కొరియర్‌కు ఒక్కో క్లాస్, అంటే దాని పనులన్నీ రాసిపెట్టిన కోడ్ ముక్క ఉంటుంది. రేటు లెక్క, లేబుల్, ట్రాకింగ్ అన్నీ అందులోనే. క్లాస్ పేరు ఒక వేరియబుల్‌లో (విలువ దాచుకునే డబ్బా లాంటిది) ఉంచి, 'న్యూ' అనే ఆదేశం పక్కన ఆ వేరియబుల్ రాస్తే ఆబ్జెక్ట్, అంటే ఆ క్లాస్ పనిచేసే రూపం తయారైపోతుంది. 'ఈ కొరియరైతే ఇది, కాకపోతే అది' అని పొడవాటి ఇఫ్-ఎల్స్ రాయక్కర్లేదు. ఆ లెక్కన మీరు అడిగింది ఒక్క లైన్ పని.

చిక్కంతా ఆ పేరు ఎక్కడి నుంచి వస్తుందన్న దగ్గరే. బ్రౌజర్‌లో టైప్ చేసింది నేరుగా 'న్యూ' దాకా వెళ్తే, అది కొరియర్ పేరా కాదా అని పీహెచ్‌పీ చూడదు. ఆ పేరుతో ఏ క్లాస్ ఉంటే దాన్నే లేపుతుంది. ఫైళ్లు తెరిచే ఎస్‌పీఎల్‌ఫైల్‌ఆబ్జెక్ట్ లాంటి క్లాసులు పీహెచ్‌పీలో ముందే ఉన్నాయి. దానికి ఇచ్చే వివరాలు కూడా బయటివాడి చేతిలో పడితే, మీ కస్టమర్ల అడ్రస్‌లున్న ఫైలు కూడా తెరిపించవచ్చు. సీడబ్ల్యూఈ అనే సాఫ్ట్‌వేర్ లోపాల జాబితాలో దీనికి 470 నంబరు. క్లాస్ ఉందా లేదా అని ముందే చెక్ చేసినా సరిపోదు. ఉన్నదల్లా వాడదగ్గది కాదు.

అందుకని మేం ఒక పట్టిక పెట్టుకున్నాం. ఒకవైపు మీకు కనిపించే కొరియర్ పేరు, రెండోవైపు దాని క్లాస్, నేమ్‌స్పేస్‌తో (క్లాస్‌కు ఇంటిపేరు లాంటిది) సహా పూర్తి పేరు. ఫైలు పైన 'యూజ్' అని రాసుకున్న పొట్టి పేర్లు వేరియబుల్‌లోని పేరుకు వర్తించవు మరి. పట్టికలో లేని పేరు వస్తే ఆర్డర్ అక్కడే ఆగుతుంది.

అక్షరాల గొడవ ఇంకొకటి. క్లాస్ పేర్లలో ఇంగ్లీషు పెద్దబడి, చిన్నబడి అక్షరాల తేడా పీహెచ్‌పీ పట్టించుకోదు, మా సర్వర్‌లో ఉండే లినక్స్ ఫైళ్ల పేర్లలో మాత్రం పట్టించుకుంటుంది. క్లాస్ పేరును బట్టే దాని ఫైలును వెతుకుతాం కదా. దాంతో విండోస్ ల్యాప్‌టాప్‌లో చక్కగా నడిచింది సర్వర్ మీద "క్లాస్ దొరకలేదు" అంటుంది. అందుకే ప్రతి కొత్త కొరియర్‌నూ సర్వర్ మీదే అరకిలో పార్శిల్‌తో, క్యాష్ ఆన్ డెలివరీతో నడిపి చూశాకే మీకు ఇస్తాం. ఆ రెండు మూడు రోజులు దీనికే. దీన్ని తగ్గించే ఉద్దేశం నాకు లేదు.

విడిగా చార్జీ ఏమీ ఉండదు. పండగకు కొత్త కొరియర్ కావాలంటే వాళ్లిచ్చిన రేటు కార్డు, ఏపీఐ (మా సాఫ్ట్‌వేర్ వాళ్ల సాఫ్ట్‌వేర్‌తో మాట్లాడే పద్ధతి) కాగితాలు ఇప్పుడే వాట్సాప్ చేయండి. పాస్‌వర్డ్ మాత్రం అందులో పంపకండి, ఫోన్ చేస్తే మా వాళ్లే షాపుకొచ్చి ఎక్కిస్తారు.