కుర్చీలు సర్దే ఆంటీకి వందనాలు

ప్రభువు నామంలో అందరికీ వందనాలు. నిద్ర చాలక కళ్ళు మండుతున్నాయి, అయినా ఇవాళే రాసేస్తున్నాను. రేపటికి వాయిదా వేస్తే మర్యాదగా, పొందిగ్గా రాయడం మొదలుపెడతాను.

చాలా కాలంగా నాకు ప్రార్థన రావడం లేదు. మోకాళ్ళ మీద ఉంటాను, మాట రాదు. వాక్యం తెరిస్తే అదే పేజీ చూస్తూ కూర్చుంటాను. సంఘం మానలేదు, పాటలు మానలేదు. లోపల ఎండిపోయింది, అంతే. ఎవరికి చెప్పినా "ఉపవాసం ఉండు", "రహస్య పాపం ఏమైనా ఉందేమో చూసుకో", "విశ్వాసం తగ్గింది" అనే మాటలే. మేలు కోరే అన్నారు, కాదనను. కానీ విన్న ప్రతిసారీ ఇంకాస్త ముడుచుకుపోయాను.

ఆ రోజు కూడిక చివర్లో "విజయం పొందినవాళ్ళు చేతులెత్తండి" అన్నారు. నా చెయ్యి లేవలేదు. అందరూ వెళ్ళిపోయినా వెనక వరసలోనే ఉండిపోయాను. ఒక పెద్దావిడ కుర్చీలు మడిచి గోడకి ఆనిస్తూ నా దాకా వచ్చింది. ఎవరో తెలియదు. నన్ను లేపుతుందనుకున్నాను, లేకపోతే తలమీద చెయ్యి పెట్టి ప్రార్థన మొదలుపెడుతుందనుకున్నాను. పక్క కుర్చీలో కూర్చుని, "ఏమైనా తిన్నావా తల్లీ?" అంది.

ఇంక ఏడుపు ఆగలేదు. ఉన్నదంతా చెప్పేశాను. ఆవిడ సంచిలోంచి అట్ట ఊడిపోయిన బైబిల్ తీసి 88వ కీర్తన మొదటి నుంచి చివరి దాకా చదివింది. ఒక్కో వచనం కింద వేలు పెట్టి, తొందర లేకుండా. చీకటి అన్న మాటతో కీర్తన అయిపోయింది. తర్వాతి పేజీ తిప్పలేదు. "చూశావా, దీని చివర హల్లెలూయా లేదు. అయినా దేవుడు దీన్ని తన గ్రంథంలోనే ఉంచుకున్నాడు. నీకు మాట వచ్చేదాకా నీ వంతు ప్రార్థన నేను చేస్తాలే, నువ్వు ఊరికే కూర్చో" అంది.

నీ వంతు నేను చేస్తాను అని నాతో ఎవరూ అనలేదండీ. ఇప్పుడు రాస్తుంటే కూడా గొంతు పూడుకుపోతోంది.

ఆ రోజు నుంచి రాత్రిపూట ఆవిడ వాయిస్ మెసేజ్ వస్తుంది. కాస్త దగ్గు, ఒక కీర్తన, అంతే. "ఇప్పుడెలా ఉంది, ప్రార్థన మొదలుపెట్టావా" అని ఒక్కసారి కూడా అడగలేదు. ఆ అడగకపోవడమే నన్ను నిలబెట్టింది.

తర్వాత బైబిల్‌లో మొదటి రాజులు 19వ అధ్యాయం మళ్ళీ చదివాను. ముందు అధ్యాయంలో కర్మెలు కొండ మీద అగ్ని దింపిన ఏలీయా ప్రవక్త, ఇక్కడ చెట్టు కింద పడుకుని చావు అడుగుతాడు. దూత వచ్చి గద్దించలేదు. రొట్టె, నీళ్ళు ఇచ్చాడు. మళ్ళీ పడుకోనిచ్చాడు. మళ్ళీ తట్టి లేపి, ఈ ప్రయాణం నీ శక్తికి మించినది, తిను అన్నాడు. "ఇక్కడేం చేస్తున్నావు" అన్న దేవుడి ప్రశ్న 40 రోజుల నడక తర్వాత, హోరేబు కొండ దగ్గర వచ్చింది. మనం ఆ ప్రశ్ననే ముందు అడుగుతాం.

ఇది చెప్పకుండా ఉండలేను. మన ప్రార్థన విన్నపాల చీటీలో ఆరోగ్యం, ఉద్యోగం, వివాహం, అప్పులు అన్నింటికీ గళ్ళున్నాయి. ప్రార్థన చేయలేకపోతున్నాను అనేవాళ్ళకి గడి లేదు. "ఇతరములు" దగ్గర రాసి వేశాను. "మీ విన్నపం అందింది" అని అందరికీ వెళ్ళే మెసేజే నాకూ వచ్చింది. సాక్ష్యాల మైకు కూడా గట్టెక్కినవాళ్ళకే, ఇంకా మధ్యలో ఉన్నవాళ్ళకి ఇవ్వరు. విలియం కేరీ పేరు ఎన్నిసార్లు విన్నామో! 1793లో మన దేశానికి మిషనరీగా వచ్చిన ఆయన ఇక్కడివాళ్ళలో మొదటి బాప్తిస్మం చూసింది 1800 చివర్లో. ఆ మధ్యలో కొడుకు చనిపోయాడు, భార్యకి మతి చలించింది. ఆ ఏడేళ్ళ గురించి ఒక్క ప్రసంగం చేయండి పెద్దలారా, మాలాంటివాళ్ళం ముందు వరసలో కూర్చుంటాం.

నేను పూర్తిగా తేరుకున్నానని అనుకోవద్దు. 13వ కీర్తనలో "ఎంతవరకు" అన్న మాట నిన్న రాత్రి పైకి అనగలిగాను. అంతకుమించి రాలేదు. ఆంటీకి చెబితే, "చాలు, దావీదు కూడా అక్కడే మొదలుపెట్టాడు" అంది.

మా ఆయన, అత్తయ్య, పిల్లలు, మీకు వేరే చెప్పాలా. అమ్మకి ఫోన్ చేస్తాను.

అయ్యో, పాస్టరమ్మగారు! ఏమీ అడక్కుండా వచ్చి పక్కన కూర్చుని వెళ్ళారు, వందనాలమ్మా. నన్ను ఇంటి దగ్గర దింపిన సౌండ్ సిస్టమ్ బ్రదర్‌కి కూడా. నా బదులు సండే స్కూల్ క్లాసు తీసుకుంటున్న చెల్లీ, నీ పేరు ముందే రాయాల్సింది. హాజరు పుస్తకం నా దగ్గరే ఉంది, ఆదివారం తెచ్చిస్తాను.