మా నాన్న షుగర్ చూసిన అమ్మాయికి, ఇంకొందరికి థాంక్స్

మా నాన్న షుగర్ మొత్తానికి దారికొచ్చింది. మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ రక్తపరీక్షలో పోయిన ఏడాది 9.4 ఉండేది, మొన్న చేయిస్తే 7.3 వచ్చింది. సాయం చేసినవాళ్లకు ఫోన్ చేసి చెప్పాను కానీ నలుగురిలో చెప్పకపోతే నాకు తృప్తిగా లేదు.

నాన్న ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. అమ్మా ఆయనా ఖమ్మంలో ఉంటారు, నేను బెంగళూరులో. నాన్న ఇంట్లో షుగర్ చూసుకునే మీటర్‌లోని రీడింగ్ బ్లూటూత్ ద్వారా ఫోన్‌లో యాప్‌లోకి వెళ్తుంది. అవతల ఒక హెల్త్ కోచ్ వాటిని చూసి వారం వారం ఫోన్ చేస్తుంది. ఆ యాప్‌ను మాత్రం పెద్దగా పొగడను. మెనూ సగం ఇంగ్లిష్‌లోనే. నాన్న మధ్యాహ్నం కునుకు తీస్తుంటే "నీళ్లు తాగారా?" అని మోగుతుంది. పైగా ఏదో పౌడర్ కొనమని ప్రకటనలు. నా థాంక్స్ ఫోన్ చేసిన అమ్మాయికి. ఆమె డైటీషియన్, మన తెలుగమ్మాయే. పేరు రాయొద్దంది, అందుకే రాయడం లేదు.

మొదటి ఫోన్‌లోనే నాన్నకు ఆమె మీద గురి కుదిరింది. ఆ రోజు రీడింగ్ 280 దాటింది, ఇంట్లో అందరికీ టెన్షన్. ఆమె మాత్రం "బాబాయ్ గారూ, చూసుకునే ముందు ఏం పట్టుకున్నారు?" అని అడిగింది. మామిడిపండు కోసి అమ్మకు ఇచ్చారట! సబ్బుతో చేతులు కడుక్కుని, బాగా తుడుచుకుని మళ్లీ చూడమంది. 162. వేలికంటిన పండురసంలోని చక్కెరను కూడా మీటర్ లెక్కేస్తుందని ఇన్నేళ్లలో మాకు ఎవరూ చెప్పలేదు. సూది వేలి కొన మధ్యలో కాకుండా పక్కగా గుచ్చితే నొప్పి తక్కువని కూడా ఆమే చెప్పింది.

అసలు సంగతి శనివారాలది. నాన్న ఎప్పటినుంచో వెంకటేశ్వరస్వామికి శనివారం ఒక్కపొద్దు ఉంటారు. పొద్దున టీ మాత్రమే తాగి, పూజ అయ్యాక మధ్యాహ్నం భోంచేస్తారు. పదకొండు దాటేసరికి చెమటలు, చేతులు వణకడం. వయసు వల్ల నీరసం అనుకున్నాం. అలా అనిపించినప్పుడల్లా మీటర్‌లో చూడమని ఆమె చెప్పింది. 58, ఇంకోసారి 64. తక్కువ రీడింగులన్నీ శనివారాలే ఎందుకొస్తున్నాయని అడిగితే ఒక్కపొద్దు సంగతి బయటపడింది. నాన్న వాడే గ్లిమెపిరైడ్ మాత్ర, తిండి తిన్నా తినకపోయినా క్లోమం చేత ఇన్సులిన్ విడుదల చేయిస్తుంది. పొద్దున మాత్ర పడుతోంది, టిఫిన్ పడటం లేదు.

ఇక్కడే ఆమె మీద నాకు గౌరవం పెరిగింది. "మాత్ర మార్చడం నా పని కాదు బాబాయ్, డాక్టరు గారి దగ్గరికి ఈ రీడింగులు తీసుకెళ్లండి" అంది. ఒక పేజీ రిపోర్టు చేసి పంపింది. డాక్టరు గారు దాన్ని పక్కన పడేయకుండా పూర్తిగా చదివారు. ఒక్కపొద్దు మానమనలేదు. శనివారం ఆ మాత్ర మధ్యాహ్నం భోజనంతో వేసుకోమన్నారు, మోతాదు తగ్గించారు. ఆయనకూ నా నమస్కారాలు. (ఇది మా నాన్నకు చెప్పింది. మీ మాత్రల సంగతి మీ డాక్టరునే అడగండి.) షుగర్ 70 కంటే తగ్గితే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలుపుకుని తాగి, పావుగంట ఆగి మళ్లీ చూడాలని ఆ అమ్మాయి నేర్పింది. ఆ మాట అమ్మ కాగితం మీద రాసి ఫ్రిజ్‌కు అంటించింది.

తిండి విషయంలో ఆమె మాట్లాడింది నాన్నతో కాదు, అమ్మతో. మా ఇంట్లోనూ షుగర్ అనగానే రాత్రి అన్నం మాని చపాతీలు మొదలుపెట్టారు. నాన్నకు నాలుగైనా చాలవు. గోధుమలోనూ జొన్నలోనూ పిండిపదార్థమే ఎక్కువని, అన్నమా రొట్టా అన్నదానికంటే ఎంత తిన్నామన్నదే ముఖ్యమని విడమరిచి చెప్పింది. ముందు బీరకాయో సొరకాయో ఒక గిన్నెడు కూర, పప్పు తిని, ఆ తర్వాత రెండే చపాతీలు. మధ్యాహ్నం కొలిచి పెట్టిన అన్నం. గోంగూర పచ్చడి ఉండొచ్చా అని అమ్మ భయంభయంగా అడిగితే, ఉప్పూ నూనె తగ్గించి నిక్షేపంగా తినమందట. ఆ రోజు నుంచి అమ్మ ఆమె పార్టీ. తిన్నాక పావుగంట నడక ఇద్దరూ కలిసే వెళ్తున్నారు. దారిలో ఎవరు కనపడినా నాన్న ఆగి కబుర్లు మొదలుపెడతారు కాబట్టి ఆ పావుగంటలో నడక ఎంతో నాకు అనుమానమే.

మీటర్ ఫోన్‌కు కలవనప్పుడల్లా పిలిస్తే వచ్చి సరిచేసిన పక్కింటి కుర్రాడికి కూడా థాంక్స్. స్ట్రిప్పులు అయిపోకముందే గుర్తుచేసే మెడికల్ షాపు ఆయనకు కూడా.

ఏ యాప్ అని అడక్కండి. నేను చెప్పే పేరు కంటే మీరు అడగాల్సినవే ముఖ్యం. ఫోన్ చేసే మనిషి ఏం చదివారు, తెలుగులో మాట్లాడతారా, రీడింగులు మన డాక్టరుకు చూపించుకునేలా ఇస్తారా. మాత్రలు మానేయొచ్చని ఎవరైనా మాటిస్తే అక్కడే ఆపేయండి.

షుగర్ ఉన్నవాళ్లు ఏటా రెటీనా పరీక్ష చేయించుకోవాలని ఆ అమ్మాయి వెంటపడి గుర్తుచేయబట్టి వచ్చే వారం నాన్నను కంటి డాక్టరుకు చూపిస్తున్నాం. చుక్కలు వేస్తే కొన్ని గంటలు చూపు మసగ్గా ఉంటుంది, బండి నడపకూడదు. ముప్పై ఏళ్లు బస్సు నడిపిన మనిషిని వెనక కూర్చోబెట్టుకుని తీసుకెళ్లడానికి పక్కింటి కుర్రాడే ఒప్పుకున్నాడు. దానికి ముందుగానే ఇంకో థాంక్స్.